ఏ కట్టలో ఏముందో

పలమనేరు దగ్గర ఒక పల్లెలో చెరువు కింది పొలం మీద తగాదా వచ్చిందనుకుందాం. 1911కు ముందటి కాగితం తెమ్మంటాడు వకీలు. దాని కోసం ఆ రైతు ఏ ఊరికి పోవాలి?

పలమనేరు చిత్తూరు జిల్లాలో ఉంది కాబట్టి చిత్తూరుకే పొమ్మంటారు ఎవరైనా. కానీ చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు పలమనేరు, చిత్తూరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాడు జిల్లావి. పుంగనూరు, కాళహస్తి, కార్వేటినగరం జమీందారీలూ అందులోవే. మదనపల్లె, వాయల్పాడు కడప నుంచి వచ్చి కలిశాయి. అప్పటిదాకా ఉత్తర ఆర్కాడుకు చిత్తూరే ముఖ్యపట్టణం. జిల్లా విడిపోయాక కలెక్టరు కచేరి వేలూరుకు మారింది. ఇవాళ అది సత్తువాచారిలో, చెన్నై నుంచి బెంగళూరు పోయే హైవే పక్కన ఉంది. కంపెనీ కాలపు జిల్లా రికార్డుల్ని ఏనాడో మద్రాసు రికార్డు ఆఫీసుకు, అంటే ఎగ్మోరులో ఇప్పుడు తమిళనాడు ఆర్కైవ్స్ అని పిలిచే ఎర్రటి భవనానికి తీసుకుపోయారు. మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయాక మన జిల్లాల రికార్డులు కొన్ని హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరాయి. ఆ రైతుకు కావలసిన కాగితం ఈ నాలుగు చోట్లలో ఎక్కడైనా ఉండవచ్చు. ఎక్కడా లేకపోనూ వచ్చు.

ఎక్కడుందో, అసలు ఉందో లేదో చెప్పగలిగేది ఇంకో కాగితం ఒక్కటే: ఏ కట్టలో ఏముంది, ఏ కట్ట ఎప్పుడు ఎక్కడికి పోయింది, ఏది ఎవరి ఉత్తర్వుతో నాశనం చేశారు అని రాసిపెట్టిన జాబితా. రికార్డు రూములంటే మనకు చెదపురుగులు, తేమ, ఊడిపోయిన కుట్లు గుర్తుకొస్తాయి. వాటి గురించి అడపాదడపా వార్తలూ వస్తాయి. జాబితా గురించి ఎవరూ మాట్లాడరు. దాని విలువ తెలియాలంటే ఒకసారి డబ్లిన్ దాకా పోయి రావాలి. అంతకన్నా ముందు మదనపల్లె.

2024 జులై 21 ఆదివారం రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచాయి. అధికారులు చెప్పిన లెక్క ప్రకారమే రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. ఎక్కువ భాగం భూములవి. మరునాడే రాష్ట్ర డీజీపీ వచ్చి చూశారు, ఇది మామూలు ప్రమాదంలా లేదన్నారు, దర్యాప్తు సీఐడీకి పోయింది. ఎవరు చేశారన్నది తేల్చవలసింది కోర్టు. అది నా విషయం కాదు. ఆ మంటల తర్వాత జరిగింది నన్ను ఎక్కువగా పట్టుకుంది. జనం అర్జీలు పట్టుకుని ఆ ఆఫీసుకు బారులు తీరారు. తమ భూమి ఫైలు కాలిందా, మిగిలిందా అన్నది వాళ్ల ప్రశ్న. కాలినవాటి నకళ్లు కలెక్టరేటులో ఏమున్నాయి, మండల కార్యాలయాల్లో ఏమున్నాయి అని అధికారులు వెతకడం మొదలుపెట్టారు. అంటే పోయిన ఫైళ్లను తిరిగి కట్టుకునే పని కాలిన తర్వాత మొదలైంది.

ఆ ఆఫీసు ఉన్న చోటు 1911 దాకా కడప జిల్లా, తర్వాత చిత్తూరు జిల్లా, 2022లో అన్నమయ్య జిల్లా. ఇటు వేలూరు వైపూ ఇదే కథ. 1989లో ఉత్తర ఆర్కాడు రెండుగా చీలింది. 2019లో వేలూరు నుంచి రాణిపేట, తిరుపత్తూరు విడిపోయాయి. గుడియాత్తం మాత్రం వేలూరులోనే మిగిలింది. వీటి మధ్యలో 1960 ఏప్రిల్ 1న పటాస్కర్ తీర్పు ప్రకారం తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. సరిహద్దు గీసినప్పుడల్లా కట్టలు విప్పి, ఊళ్ల వారీగా ఏరి, బండ్లకో లారీలకో ఎత్తి పంపాలి. నిప్పు ఒక రాత్రిలో చేసే నష్టాన్ని ఈ తరలింపులు చప్పుడు లేకుండా చేయగలవు. పంపినవారు పంపామంటారు, అందుకున్నవారు రాలేదంటారు. నడుమ ఇద్దరూ సంతకం చేసిన జాబితా లేకపోతే ఆ మాట తెగదు.

ఇక డబ్లిన్. ఐర్లండు ప్రభుత్వ రికార్డులన్నీ ఒకచోట భద్రంగా ఉంచాలని 1867లో చట్టం చేసి, ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో పబ్లిక్ రికార్డ్ ఆఫీస్ ఏర్పాటు చేశారు. చదువుకునేవాళ్లు కూర్చునే భవనం వేరు, కాగితాలు ఉంచే ఖజానా వేరు. ఒకదాంట్లో నిప్పు పుడితే రెండోదానికి పాకకుండా నడుమ ఖాళీ వదిలారు. ఖజానాలో ఆరు అంతస్తుల ఇనుప అరలు, వాటి నిండా ఏడు వందల ఏళ్ల కాగితాలు. ఆ కాలానికి అంతకన్నా జాగ్రత్తగా కట్టిన రికార్డు రూము మరొకటి ఉండేదా అంటే నాకు అనుమానమే. 1922లో అంతర్యుద్ధం వచ్చింది. తిరుగుబాటు పక్షం ఏప్రిల్‌లో ఆ ఆవరణను పట్టుకుని అక్కడే మందుగుండు నిల్వచేసింది. ప్రభుత్వ సేనలు జూన్ 28న దాడి మొదలుపెట్టాయి. జూన్ 30న పేలుడు జరిగి ఖజానా అంతా కాలిపోయింది. నగరమంతా కాలిన కాగితపు పేలికలు రాలాయి.

ఐర్లండు పోగొట్టుకున్నదేమిటో కచ్చితంగా తెలుసు. దానికి కారణం ఆ ఆఫీసులో డిప్యూటీ కీపరుగా పనిచేసిన హెర్బర్ట్ వుడ్. అగ్నిప్రమాదానికి మూడేళ్ల ముందు, 1919లో, ఖజానాలో ఏ వరుస రికార్డులు ఏ ఏళ్లవి ఉన్నాయో విడమరిచి ఒక గైడు అచ్చువేయించాడు. పరిశోధకుల సౌకర్యం కోసం చేసిన పని అది. మూడేళ్లు తిరిగేసరికి అదే ఆ దేశపు నష్టాల పట్టీ అయింది. ట్రినిటీ కాలేజీ ఆధ్వర్యంలో చరిత్రకారులు, ఆర్కైవుల వాళ్లు ఆ గైడును ముందుపెట్టుకుని, ఒక్కొక్క వరుసకు నకలు ప్రపంచంలో ఎక్కడైనా మిగిలిందా అని వెతికారు. లండన్‌లో, బెల్‌ఫాస్ట్‌లో, ఇంకా అనేక చోట్ల దొరికినవాటిని చేర్చి, సరిగ్గా నూరేళ్లకు, 2022 జూన్‌లో, వర్చువల్ రికార్డ్ ట్రెజరీ పేరుతో అందరికీ ఉచితంగా తెరిచారు. పోయిన కాగితాలన్నీ తిరిగి రాలేదు, వచ్చే అవకాశమూ లేదు. కానీ ఏమి వెతకాలో తెలిసింది కాబట్టే వెతకగలిగారు.

జాబితా లేకపోతే ఏమవుతుందో చూడాలంటే అమెరికాలో సెయింట్ లూయిస్ ఉంది. 1973 జులై 12న అక్కడి సైనికోద్యోగుల రికార్డుల కేంద్రంలో నిప్పంటుకుని కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. వాటికి నకళ్లు లేవు, మైక్రోఫిల్మ్ లేదు, సూచిక లేదు. ఎవరి ఫైలు కాలిందో కూడా వెంటనే చెప్పలేకపోయారు. పాత సైనికులు పింఛనుకో వైద్యానికో అర్జీ పెట్టుకున్నప్పుడల్లా జీతాల చిట్టాలు, ఇతర శాఖల కాగితాలు తిరగేసి ఒక్కొక్కరి సేవను విడివిడిగా నిరూపించవలసి వచ్చింది.

డబ్లిన్ కథలో నిప్పు పాత్ర సగమే. ఐర్లండు 1821 నుంచి 1851 దాకా చేసిన నాలుగు జనాభా లెక్కల ఇంటింటి పత్రాలు దాదాపు అన్నీ 1922లో కాలిపోయాయి. మరి 1861, 1871 లెక్కలేమయ్యాయి? లెక్క కట్టడం అయిపోయాక ఆ పత్రాలతో పనేముందని ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కాగితం కరువొచ్చి గుజ్జు చేశారు. అంతర్యుద్ధం తిన్నది నాలుగు లెక్కలు, గుమాస్తా సంతకం తిన్నది నాలుగు. పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండులో ఏ వీధిలో ఎవరున్నారో చెప్పే పూర్తి లెక్క ఒక్కటీ మిగల్లేదు. ఇరవయ్యో శతాబ్దపు 1901, 1911 లెక్కలే మొట్టమొదట పూర్తిగా దొరికేవి.

పాతకాగితాన్ని వదిలించుకోవడం తప్పు కాదు. ఏ ఆఫీసూ అన్నింటినీ ఎల్లకాలం దాచలేదు, దాచనక్కరలేదు. మద్రాసు రాజధాని కాలం నుంచి మన కచేరీల్లో నడుస్తున్న టాటెన్‌హామ్ పద్ధతిలో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. ఫైలు ముగించే రోజే దాని ఆయుష్షు రాస్తారు. ఆర్.డిస్. అని వేస్తే ఎప్పటికీ ఉంచాలి, డి.డిస్. అంటే పదేళ్లు, ఎల్.డిస్. అంటే కొద్దికాలమే. ఎన్.డిస్. అంటే కాగితాన్ని వచ్చిన చోటికే తిప్పి పంపేశారు, ఆఫీసులో ఏమీ మిగల్లేదని. సత్తువాచారిలోనూ చిత్తూరులోనూ గుమాస్తాలు ఈ గుర్తులే వాడుతూ వచ్చారు. రాష్ట్రాలు వేరైనా జిల్లా ఆఫీసు మాన్యువల్ తల్లివేరు ఒకటే.

చిక్కు ఎక్కడుందంటే, ఆ గుర్తు వేసేది పని ఒత్తిడిలో ఉన్న ఒక గుమాస్తా, తన కాలపు అవసరాన్ని బట్టి. ఒక పొరంబోకు మీద గుడిసెలు వేసుకున్నవాళ్ల విచారణ ఫైలు పదేళ్లకు చాలనిపించవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత ఆ గుడిసెల పిల్లలకు తాము అక్కడ ఎప్పటినుంచి ఉన్నామో నిరూపించేది అదొక్కటే అవుతుంది. ఇనాం కమిషన్ 1860ల ప్రాంతంలో తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరునే చూడండి. ఏ గుడికి, ఏ చెరువుకు, ఏ సేవకు ఎంత మాన్యం అని రాసిన ఆ రిజిస్టరుకు ప్రీవీ కౌన్సిలు కాలం నుంచి కోర్టులు పెద్ద విలువిస్తూ వచ్చాయి. దాని నకలు కోసం ఇవాళ్టికీ జనం ఎగ్మోరుకూ తార్నాకకూ తిరుగుతున్నారు. కమిషన్ పని అయిపోయింది కదా అని ఆనాడు ఎవరైనా దానికి పదేళ్ల ఆయుష్షు రాసి ఉంటే?

వదిలించుకునే పనిలో తొందర ఎంత చేటో లండన్‌కు బాగా తెలుసు. ఖజానా లెక్కలకు వాడి వదిలేసిన పాత కట్టెపుల్లల్ని వదిలించుకుందామని 1834 అక్టోబరు 16న పార్లమెంటు భవనం కింది కొలుముల్లో వేసి కాల్చారు. పార్లమెంటే కాలిపోయింది. అక్కడ ప్రభుత్వ రికార్డుల చట్టం వచ్చింది ఆ తర్వాత నాలుగేళ్లకు.

మనకు కేంద్రంలో 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. రికార్డుల అధికారి అంటూ ఒకరుండాలంటుంది. 1892కు ముందటి కాగితాన్ని, బొత్తిగా శిథిలమై ఎందుకూ కొరగాదని ఆర్కైవ్స్ అధిపతి తేలిస్తే తప్ప, నాశనం చేయకూడదంటుంది. తప్పితే అయిదేళ్ల దాకా జైలు, పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రికార్డును ఎవరైనా అక్రమంగా తీసుకుపోయినా పాడుచేసినా దాన్ని రాబట్టడానికో తిరిగి కూర్చడానికో వెంటనే పూనుకోవాలని కూడా అందులో ఉంది. కానీ ఆ చట్టం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రపాలిత ప్రాంతాలకు, కేంద్రం చేతి కింది సంస్థలకు. కలెక్టరేటు, తాలూకా కచేరి దాని కిందికి రావు. మన పొలాలు, గుళ్లు, చెరువులు, ఇళ్ల స్థలాల కాగితాలన్నీ ఉండేది అక్కడే. సమాచార హక్కు చట్టం మాత్రం అందరికీ వర్తిస్తుంది. 2005 నాటి ఆ చట్టం నాలుగో సెక్షను మొదటి మాటే, రికార్డులన్నింటికీ జాబితా, సూచిక తయారుచేసి ఉంచాలని. అర్జీలకు జవాబులివ్వడం దగ్గరే ఆ చట్టాన్ని ఆపేశాం. ఈ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ.

జాబితాకు తోడుండవలసింది నకలు, అదీ వేరే చోట. ఈ విషయంలో కంపెనీవాళ్ల అలవాటు మనకు మేలు చేసింది. సెయింట్ జార్జి కోటలో జరిగిన ప్రతి సమాలోచనకూ ప్రతి రాయించి లండన్‌కు పంపేవారు. 1806 జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటు మీద జరిగిన విచారణ కాగితాలు ఎగ్మోరులోనూ ఉన్నాయి, లండన్‌లోనూ ఉన్నాయి. ఒకచోట చెద తిన్నా రెండోచోట చదువుకోవచ్చు. పాలించడానికి, అజమాయిషీకి చేసిన పనే అది, మన మీద ప్రేమతో కాదు. అయినా ఆ పద్ధతి పద్ధతే.

మనవాళ్లకూ ఇది కొత్త కాదు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసిన ఏలూరు కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వారి మనుషులు ఊరూరా తిరిగి కైఫియ్యతులు, అంటే ఊళ్ల చరిత్రలు, రాయించినప్పుడు, చాలాచోట్ల ఆధారం కరణాల ఇళ్లలో ఉన్న పాత గ్రామ లెక్కలు, దండకవిలెలే. తర్వాత బ్రౌన్ దొర ఆ కైఫియ్యతులు చివికిపోతుంటే పండితుల చేత మంచి కాగితం మీద మళ్లీ రాయించాడు. కవిలెలు చాలావరకు పోయాయి. నకలు నకలుగా వచ్చింది మిగిలింది.

ఆ కరణాల సంగతి దగ్గరే ఇంకో పెద్ద లోటు జరిగింది. తమిళనాడులో 1980 నవంబరులో ఎం.జి.ఆర్. ప్రభుత్వం, ఆంధ్రప్రదేశ్‌లో 1984 జనవరిలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం ఒక్క ఆర్డినెన్సుతో గ్రామాధికారుల పదవుల్ని రద్దుచేశాయి. వంశపారంపర్యపు పెత్తనం పోవలసిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ గ్రామ లెక్కలు అప్పటిదాకా ఉన్నది కరణం ఇంటి అటకమీద, సందుగ పెట్టెలో. పదవి ఒక్క రోజులో పోయింది. కోపంతో కొందరు, కోర్టులో గెలుస్తామన్న ఆశతో కొందరు లెక్కలు అప్పగించలేదు. ఇచ్చినచోట కూడా ఫలానా ఫసలీకి అడంగల్ ముట్టింది, ఫలానా ఫసలీకి ముట్టలేదు అని ఊరివారీగా రాసుకున్న పట్టీలు అరుదు. రెండు రాష్ట్రాలూ మూడేళ్ల తేడాతో ఒకే పని చేశాయి, రెండోది మొదటిదాన్ని చూసి నేర్చుకోలేదు.

ఇప్పుడంతా కంప్యూటర్లో ఉంది కదా అంటారు. తమిళనాడు పట్టా, చిట్టా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు, ఆంధ్రలో మీభూమిలో వన్‌బీ చూసుకోవచ్చు. మంచిదే. కానీ తెర మీద కనిపించేది ఇవాళ్టి పేరు. నిన్నటి పేరు పోయి ఇవాళ్టి పేరు ఎందుకొచ్చింది, ఎవరు విచారించారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఏ ఆధారం మీద ఉత్తర్వు వేశారు అన్నది ఫైలులో ఉంటుంది. మదనపల్లెలో కాలింది ఆ ‘ఎందుకు’.

డబ్లిన్ నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది, నాకు అన్నింటికన్నా నచ్చినది. 1909 జనవరి నుంచి ఐర్లండులో డెబ్బై ఏళ్లు నిండిన పేదలకు వృద్ధాప్య పింఛను ఇవ్వడం మొదలైంది. అక్కడ అందరి పుట్టుకలూ నమోదు చేయడం 1864లో గాని మొదలుకాలేదు. డెబ్బై ఏళ్ల ముసలివాళ్లకు వయసు రుజువెక్కడిది? 1841, 1851 జనాభా లెక్కల్లో మా పేరు వెతికిపెట్టండి బాబూ అని అర్జీలు పెట్టుకున్నారు. ఆఫీసువాళ్లు వెతికి, ఇల్లు, తల్లిదండ్రులు, పిల్లల వయసులు ఎత్తిరాసి ఇచ్చారు. మూలం 1922లో కాలిపోయింది. ఆ పింఛను అర్జీల మీద ఎత్తిరాసిన ముక్కలు మిగిలాయి. కాలిపోయిన జనాభా లెక్కల్లో నేడు చదవగలిగిన పేర్లు కొన్ని అలా నిలిచినవే. సామాన్యుడు తన అవసరానికి తీసుకున్న నకలు దేశానికి ఆధారమైంది.

గుడియాత్తం నేతపనివాళ్ల ఇళ్లలో, పేర్ణాంబట్టు దారిలో తెలుగు మాట్లాడే రైతుల ఇళ్లలో, కొండకు ఇవతల పలమనేరు పల్లెల్లో, రేకు పెట్టెల్లో ఇలాంటి నకళ్లు ఎన్నో ఉన్నాయి. సర్టిఫైడ్ కాపీలు, పాత పట్టాలు, శిస్తు రసీదులు, తెలుగులో రాసిన దస్తావేజులు. 2021 నవంబరులో కౌండిన్య నది పొంగి గుడియాత్తంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు అలాంటివి ఎన్ని తడిసిపోయాయో లెక్క కట్టినవాళ్లు లేరు. ఏదైనా ఆఫీసులో రికార్డు పోయినప్పుడు ఈ పెట్టెల్ని అడగడం మనకు తెలియదు. రైతు తెచ్చిన నకలును అనుమానంగా చూడటమే ఎక్కువ. సరిచూసి, సంతకం చేసి, స్కాన్ చేసి ఉంచుకుని అసలు తిరిగి ఇచ్చేసే ఏర్పాటు ఉంటే ఆ కాగితాలు రెండు చోట్ల బతుకుతాయి.

దీనికి కొత్త భవనాలూ కోట్లూ అక్కర్లేదు. తమిళనాడులో ఏటా వేసవిలో తాలూకా కచేరిలో జమాబందీ జరుగుతుంది. ఇప్పటి గ్రామ పరిపాలనాధికారులు ఊరి లెక్కలు పెద్ద అధికారి ముందు పెడతారు, జనం అర్జీలు తెస్తారు. ఆ ఏడాది నాశనం చేయబోయే ఫైళ్ల పట్టీని అక్కడే గోడకు అంటించవచ్చు. ఊరు, సర్వే నంబరు, విషయం ఒక్కో వరుసలో రాసి, ఒక నెల గడువిచ్చి, అభ్యంతరం వచ్చిన ఫైలును పక్కన పెట్టవచ్చు. గుడియాత్తంలో ఆ పట్టీ తమిళంతోపాటు తెలుగులోనూ ఉండాలి. ఏరే పనిలో పాత తెలుగు చేవ్రాత చదవగలిగినవాళ్లు ఒకరైనా కూర్చోవాలి. చదవలేని కాగితం పనికిరాని కాగితంలాగే కనిపిస్తుంది, కట్టలోంచి ముందుగా బయటపడేది అదే. నాశనం అయ్యాక ఆ పట్టీకి ఆర్.డిస్. ఆయుష్షు వేసి, ఒక ప్రతి సత్తువాచారిలో, ఒక ప్రతి ఎగ్మోరులో ఉంచాలి.

పెద్ద పని వేరే ఉంది, దానికి రెండు రాష్ట్రాలు కలవాలి. 1911లో, 1960లో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోయిన రికార్డుల అప్పగింత పట్టీలు ఎన్ని మిగిలాయో సత్తువాచారి, చిత్తూరు, ఎగ్మోరు, తార్నాక ఆఫీసులు నాలుగూ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. పలమనేరు, తిరుత్తణి, సత్యవేడు ఊళ్లకు ఒక్కొక్కదానికి ఏ ఏళ్ల కాగితం ఎక్కడుందో, ఏది ఎక్కడా లేదో రాసి అచ్చువేయాలి. మద్రాసు రికార్డు ఆఫీసు జిల్లాల వారీగా పాత రికార్డులకు గైడ్లు అచ్చువేసింది, ఉత్తర ఆర్కాడుకూ ఒకటుంది. అది కంపెనీ కాలం దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి కాలానికి ఇప్పుడు మొదలుపెట్టాలి.